పడుగు చెప్పులు

"కుంచెకొచ్చేవాళ్ళు రండయ్యో" అని కేకేశాడు భావన్న. ఎక్కడనుకున్నారు, మా నేతవీధి నడిమధ్యన నిలబడి. కోళ్ళింకా కూస్తానే ఉన్నయ్యి అనుకో, సరిగ్గా వెలుగు కూడా రాలా. ఆ కేక వీధి ఈ కొసనించి ఆ కొసదాకా పోయి మళ్ళీ ఎనక్కొచ్చింది గానీ, ఒక్క తలుపు తెరుచుకోలా. ఎట్టా తెరుచుకుంటది, ఆ కేక ఆ వీధిలో వినపడి పదకొండేళ్ళాయె. కొంతమంది కలొచ్చిందనుకుని పక్కకి తిరిగి పడుకున్నారంట. ఒకావిడైతే పోయిన మావగారు పిలుస్తున్నాడనుకుని దుప్పటి మొహం మీదికి లాక్కుందంట. నవ్వమాకండి, ఆ మావగారికీ అచ్చం అట్టాంటి గొంతే ఉండేది. భావన్న ఎనకాల చూస్తే వీధి పొడుగునా పడుగు పరిచి ఉంది. దాన్నిండా గంజి పట్టించి ఉంది. భావన్న కాళ్ళకేమో కొత్త చెప్పులున్నయ్యి. ఆ చెప్పుల్ని మాత్రం మర్చిపోమాకండి, కథంతా చివరికి వాటికాడికే వచ్చుద్ది.

మగ్గం చూడనోళ్ళు కూడా కూర్చున్నారు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. పడుగంటే చీరకి నిలువుగా ఉండే దారం. దాన్ని మగ్గానికెక్కించే ముందు గంజి పెట్టాలి, లేకపోతే తెగిపోతా ఉంటది. ఎట్టా పెడతారంటే, వీధిలో కర్రలు పాతి ఆ దారాన్నంతా బారుగా పరిచి, గంజి తడిపి, అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద పెద్ద కుంచెల్తో దువ్వుకుంటా పోవాలి. ఆ కొసకి పోవాలి, మళ్ళీ ఈ కొసకి రావాలి, మళ్ళీ పోవాలి. గంజి ఆరేదాకా కాలు ఆపేది లేదు. ఆపితే ఏమైద్దంటే, దారానికి దారం అతుక్కుని కూర్చుంటది, ఇంక ఆ పడుగు చీరకి పనికిరాదు, నులకమంచానికి పనికొచ్చుద్ది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, నలుగురుండాల. అందుకని మావోళ్ళలో ఒక పద్ధతుండేది. ఎవరి పడుగైనా సరే, ముందురోజు ఇంటింటికీ పోయి రమ్మని అడగటం ఉండదు. అడిగితే నామోషీ, నన్ను అడిగితేనే వస్తాననుకున్నావా అని ఎదటోడు కూడా మొహం మాడ్చుకుంటాడు. కేకే పిలుపు. కేకేస్తే విన్నోడు కుంచె పట్టుకుని రావాల. పనయ్యాక పడుగు గలోళ్ళు అందరికీ అన్నం పెట్టాల. తాతల నాటినించీ అంతే. మరెందుకు పోయిందంటే, పట్నంలో మిషన్ల మీద గంజి పెట్టి చుట్టేసిన పడుగులు ఆటోల్లో రావటం మొదలైంది. హాయిగా ఉంది గదా అని అందరం అదే తెప్పించుకున్నాం. కుంచెలు అటకెక్కినయ్యి. మగాళ్ళు పొద్దున లేచి మగ్గం గుంటలో కాళ్ళు పెడితే మళ్ళీ అన్నానికే లేవటం, అన్నం తిని మళ్ళీ దిగటం. పదకొండేళ్ళలో ఏమేం మారిందో ఎవరూ చూసుకోలా, ఒక్క పొట్టలు మాత్రం చూసుకోకపోయినా కనపడతానే ఉన్నయ్యి.

ఇప్పుడు భావన్న కాడికి వస్తా. యాభై ఆరేళ్ళోడు, మంచి పనిమంతుడు, అంచు నేస్తే గీత గీసినట్టుంటది. రెండేళ్ళ కిందట దాహం దాహం అని బిందెలు తాగేవాడంట, నీరసమని గోడకానుకునేవాడంట. పెళ్ళాం రాగమ్మ ఊరుకోక సర్కారు ఆసుపత్రికి తీసుకెళితే, డాక్టరమ్మ రక్తం చూసి, పెద్దాయనా నీకు షుగరుందయ్యా అని చెప్పింది. చెప్పి మాత్రలిచ్చి, అన్నం తగ్గించు, రోజూ అరగంట నడువు అన్నదంట. దానికి మనోడేమన్నాడో తెలుసా, నడవటం నాకు కొత్తేం కాదమ్మా, పొద్దున్నించీ సాయంత్రం దాకా నేను తొక్కుతానే ఉంటా మగ్గంలో, ఈ కాలొకసారి ఆ కాలొకసారి, లెక్కేస్తే రోజుకి ఒంగోలు పోయి వచ్చినంత అయిద్ది అన్నాడంట. డాక్టరమ్మ నవ్వలా, కోప్పడలా. సరే పెద్దాయనా, తొక్కి తొక్కి నువ్వు ఎక్కడిదాకా పోయావు అనడిగింది. ఎక్కడికీ పోలేదమ్మా అన్నాడు. నీ షుగరు కూడా ఎక్కడికీ పోలేదు అన్నదంట. అయినా మనోడు వింటేగా. ఇంటికొచ్చి నడిచే బదులు ఇంకో గంట ఎక్కువ కూర్చుని తొక్కాడంట. అట్టాంటి తప్పు ఒక్క నేతగాడే చెయ్యగలడు, ఇంకొకళ్ళకి తోచనే తోచదు. పైగా రాగమ్మ చేత ఒట్టేయించుకున్నాడు, ఈ జబ్బు సంగతి వీధిలో పొక్కనీయొద్దని. షుగరంటే పని చెయ్యని బద్ధకస్తులకి వచ్చేదని మావోళ్ళకో అభిప్రాయముందిలే.

ఆ తర్వాత ఏమైందంటే, ఒకరోజు పొద్దున రాగమ్మ ఇల్లూడుస్తుంటే నేల మీద ఎర్రెర్రగా మచ్చలు కనపడినయ్యంట. రంగు దారం అద్దినట్టున్నాడు, తడి కాళ్ళతో తిరిగాడు అనుకుని తడిగుడ్డతో తుడిచేసింది. మగ్గాలోళ్ళ ఇళ్ళల్లో నేల మీద రంగు మాకు మామూలేగా. రెండోరోజూ మచ్చలున్నయ్యి, మళ్ళీ తుడిచింది. మూడోరోజు తుడుస్తా తుడుస్తా తలెత్తి మగ్గం వంక చూసింది. మగ్గం మీద ఉన్నది చిలకపచ్చ చీర. పక్షం రోజులనించీ ఆ ఇంట్లో ఎరుపు దారమే లేదు. గుడ్డ అక్కడే వదిలేసి పోయి, మొగుడి కాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరికాల్లో, బొటనేలి కింద, తొక్కుడు చెక్క పేడు లేచి ఇంత పొడుగున దిగబడి ఉంది. మూడు రోజులనించీ దాని మీదే తొక్కుతున్నాడు మహానుభావుడు. ఏమయ్యా, నెప్పి పుట్టటంలా అని అడిగితే, దేనికి అన్నాడంట. దేనికి అన్న ఆ మాటకే రాగమ్మ అప్పటికప్పుడు వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయిందంట. ఇప్పటికీ ఆమె ఈ సంగతి చెప్పేటప్పుడు ఆ మాట కాడ ఆగిపోద్ది.

డాక్టరమ్మ పేడు తీసి, పుండు కడిగి, కట్టు కట్టి అప్పుడు చెప్పింది. షుగరెక్కువై నీ కాలికి తిమ్మిరొచ్చింది, అందుకే తెలియలేదు. షుగరు తగ్గకపోతే ఈ పుండు మానదు. మానకపోతే ముందు వేలు తియ్యాల, తర్వాత కాలు కాడికి వచ్చుద్ది. ఆరు వారాలు గుంటలో దిగొద్దు, కాలు కింద మోపొద్దు. మందులు మానొద్దు. ఆ మాటలింటా భావన్న తన కాలి వంకే చూస్తా కూర్చున్నాడంట. కాలు లేని నేతగాడు ఎవరండీ, నాకొక్కడు తెలియదు. చేతులెంత పనిమంతులైనా కింద తొక్కేవాడు లేకపోతే పడుగు రెండు పాయలై నోరే తెరవదు.

ఆ ఆరువారాలూ ఆ ఇల్లు తిరగబడింది అనుకో. రాగమ్మ గుంటలో దిగి చిలకపచ్చ చీర అందుకుంది. భావన్న ముక్కాలిపీట మీద కాలు చాపుకుని రాట్నం తిప్పి నూలు చుట్టేవాడు, మా ఇళ్ళల్లో ఆడాళ్ళు చేసే పని అది. ఏంది రాగమ్మా, అంచు అట్టా ఒంకర పోతంది అని వాడంటే, ఒంకర పొయ్యేది అంచు కాదులే, ముందు దారం తెగకుండా చుట్టు అని ఆమె అనేది. ఇంక అన్నం సంగతి. మనోడు కంచం మధ్యన గుంట చేసి దాన్నిండా పప్పు పోసుకునే మనిషి, అన్నం గుట్టగా ఉండాల. డాక్టరమ్మ చెప్పిన లెక్క ఎంత చెప్పినా తలకెక్కలేదంట. చివరికి రాగమ్మే కంచం ముందు పెట్టి, ఇదిగో చూడు, ఇది చీరనుకో, చీరంతా కూర, పమిట పప్పు, అన్నం అంచంత, అంచు పెద్దదై చీర చిన్నదైతే ఎవరు కట్టుకుంటారు అని అడిగిందంట. మనోడు పనిమంతుడాయె, ఆ లెక్క మాత్రం తలకెక్కింది. కొర్రన్నం వండితే, కొర్రలేగా, ఇంకొంచెం పెట్టు అనేవాడంట. కొర్రైనా వరైనా అంచు అంచే అనేది. కాఫీలో పంచదార మానేసిన మొదటివారం ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాడంట. రెండోవారానికి అలవాటు పడ్డాడు. ఆరోవారానికి పుండు మానింది.

పుండు మానింది చూసి డాక్టరమ్మ, ఇప్పుడు నడువు అన్నది. మెత్తటి చెప్పులు లేకుండా అడుగు తీసి అడుగెయ్యొద్దు, నీ కాలికి ఏం గుచ్చుకున్నా నీకు తెలియదు, రోజూ అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకో అని కూడా చెప్పింది. సరే అని మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. వీధి మలుపు తిరిగాడో లేదో, ఎవరో ఎదురొచ్చి ఎక్కడికి భావన్నా అన్నారు. ఇప్పుడేం చెప్పాలి. మా ఊళ్ళో ఊరికే నడిచేవాడంటూ ఎవడూ లేడు. నడిస్తే పనుండాల, లేకపోతే తలకేమన్నా అయ్యుండాల. పోస్టాఫీసుకి అన్నాడు. ఆ రోజు ఆదివారం. రెండోరోజు ఇంకెవరో అడిగితే, ఏం తోచక, గేదె తప్పిపోయింది, ఎతుకుతున్నా అన్నాడు. వాడికి గేదె లేదు. వాళ్ళ నాయనకీ లేదు. మూడోరోజు పొద్దున తలుపు తీసేసరికి ఎదురింటి కోటిలింగం, భావన్నకి బావవరస, చేతిలో తాడు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడంట. పద బావా, గేదెని ఎతకటానికి నేనూ వస్తా, ఇంతకీ దాని రంగేంది అన్నాడంట. అంతే, భావన్న తలుపేసుకున్నాడు. ఇంక నడక లేదు. మళ్ళీ గుంటలో దిగి పొద్దస్తమానం కూర్చోవటమే. నెల తిరక్కముందే షుగరు మళ్ళీ ఎక్కింది. పుండు మానిన చోట చర్మం ఎర్రబడింది. రాగమ్మ అద్దం తెచ్చి అరికాలు చూపించి, ఇది మళ్ళీ పగిలితే ఈసారి నేను తుడవను అని మాత్రం అన్నదంట. కోపంగా కాదు. మెల్లిగా అన్నదంట, దానికే వాడు భయపడ్డాడు.

అట్టా కూర్చుని కూర్చుని పైకి చూస్తే అటక మీద కుంచె కనపడిందంట. బూజు పట్టి ఉంది. రాగమ్మా, ఒక పడుక్కి కుంచె తియ్యాలంటే మేము ఎన్నిసార్లు తిరిగేవాళ్ళం అనడిగాడు. నేను లెక్కపెట్టానా, ఎండెక్కేదాకా తిరిగేవాళ్ళు అంది. ఆ చివరికీ ఈ చివరికీ ఎంత లేదన్నా రెండు మైళ్ళు పడుద్దే అన్నాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారంట. ఆ వారంలోనే గంజి పెట్టని పచ్చి పడుగు తెప్పించాడు. ముందుగా నలుగురికీ ఒక మాట చెప్పరాదా అని రాగమ్మ అంటే, చెప్పి పిలిస్తే అది కుంచె పనెట్టా అయిద్ది, కేకేస్తా అన్నాడు. వాడి మొండితనం వాడిది. సరే, తెల్లారకముందే మొగుడూ పెళ్ళాం ఇద్దరే కర్రలు పాతి, పడుగు పరిచి, గంజి కూడా పట్టించేశారు. అప్పుడేశాడన్నమాట, నేను మొదట్లో చెప్పిన కేక.

రెండోసారి కేకేశాడు. ఎవరూ రాలా. ఒకింట్లో టీవీలో సుప్రభాతం మొదలైంది. తూరుపు తెల్లబడతంది, గంజి అంచుల్లో బిగుసుకోటం మొదలైంది. రాగమ్మ ఒక కుంచె, వాడొక కుంచె పట్టుకుని రెండు తిరుగుళ్ళు తిరిగారు గానీ, అంత పొడుగు పడుక్కి ఇద్దరెక్కడ చాలుతారు. ఈ కొస దువ్వేలోపు ఆ కొస ఆరుద్ది. రాగమ్మ కుంచె పట్టుకుని వాడి వంక చూసింది. అప్పుడు భావన్న మూడోసారి నోరు తెరిచాడు. ఈసారి పాత కేక కాదు. "నాకు షుగరుందయ్యా. రెండేళ్ళయింది. కాలు పొయ్యేదాకా వచ్చింది. నడవమన్నారు. ఊరికే నడవటానికి సిగ్గేసి ఈ పడుగు పరిచా. నాకు గేదె లేదు" అన్నాడు. అంత గట్టిగా అన్నాడు గానీ, చివరి మాట కాడికి వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గిందిలే. తర్వాత ఎదురింటి తలుపు కిర్రుమంది. కోటిలింగం, పైన కండవా కూడా లేదు, చేతిలో పాత కుంచె, గుమ్మంలో నిలబడి, "అయితే గేదె దొరికినట్టేగా బావా" అన్నాడు. అనేసి వచ్చి అటు పక్కన కుంచె ఆనించాడు. ఇంక ఒక్కో తలుపూ తీస్తానే ఉన్నారు. కొందరి కుంచెలకి వెంట్రుకలు ఊడిపోయి ఉన్నయ్యి, ఒకడు కుంచె దొరక్క చీపురు పట్టుకొచ్చాడు, వాణ్ణి ఎనక్కి పంపించాం. ఆఁ, పంపించాం అనే అన్నా, నేనూ ఉన్నా మరి. నాలుగో కుంచె నాదే.

నాలుగడుగులు వేశామో లేదో, ఆగండి అన్న మాట వినపడింది. పెద్ద పుల్లయ్య మావ. వీధికంతటికీ పెద్ద, ఎనభై దాటినయ్యి, కర్ర పట్టుకుని వచ్చి భావన్న కాళ్ళ వంక చూస్తన్నాడు. అందరం చూశాం. చెప్పులు. చెప్పా గదా వాటి కాడికి వస్తానని. పడుగు పరిచిన చోటికి చెప్పులేసుకుని రావటం మావోళ్ళలో లేదు. పడుగంటే మాకు పీట మీద పెట్టిన దేవుడితో సమానం. మిగతా అందరి కాళ్ళూ ఒట్టివే. కుంచెలు గాల్లో ఆగిపోయినయ్యి, గంజేమో ఆరుతుంది. ఏరా భావన్నా, చెప్పులు విడిచిరా అన్నాడు మావ. విడవలేను మావా అన్నాడు వాడు. అక్కడే అరుగు మీద కూర్చుని, కాలెత్తి, అరికాలు చూపించాడు. పుండు మానిన చోట ఇంత గుంట, చుట్టూ ఎర్రగా. మావ వంగి చూశాడు, చూపు సరిగా ఆనదు కాబట్టి వేలితో కూడా తడిమాడు. నేను తాకుతున్నట్టు తెలుస్తందా అనడిగాడు. తెలియటంలా మావా అన్నాడు. మావ లేచి, కాసేపు కర్ర మీద గడ్డం ఆనించుకుని, ఈ చెప్పులు ఎక్కడెక్కడ తొక్కినయ్యిరా అన్నాడు. ఎక్కడా తొక్కలేదు, నడక చెప్పులు వేరే ఉన్నయ్యి, ఇవి రాత్రే డబ్బాలోంచి తీశాం, పడుక్కని చెప్పి పసుపు కూడా రాశా అని రాగమ్మ చెప్పింది. నిజమే, పట్టీల మీద పసుపు మరకలున్నయ్యి. అప్పుడు మావ ఒకటే మాటన్నాడు. మట్టి తొక్కిన చెప్పులు పడుక్కి రాకూడదని మా నాయన చెప్పాడు గానీ, పడుక్కే పుట్టిన చెప్పులు రాకూడదని చెప్పలేదు, కానియ్యండి, గంజారిపోతంది. అనేసి, వీధి కొసన అరుగు మీద కూర్చుని, పొద్దెక్కేదాకా మమ్మల్నందర్నీ ఒంకర పోతన్నారని తిడతానే ఉన్నాడు. ఆ తిట్లు విని ఎన్నేళ్ళయింది నాయనా, చెవులు చల్లబడినయ్యి.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తా, కథ భోజనాల కాడ ఆపాలి గదా. ఆ పడుగు బాగా కుదిరింది. ఆనాటినించీ వారానికి నాలుగు రోజులన్నా ఎవరో ఒకరి పడుగు వీధిలో ఉంటానే ఉంది. లేని రోజు ఊరికే నడుస్తున్నాం, అడిగినోళ్ళకి గేదెని ఎతుకుతున్నామని చెప్తున్నాం. మూడు నెలలకి భావన్న షుగరు దిగింది. డాక్టరమ్మ ఒక మాత్ర తగ్గించింది, అదీ ఆమె తగ్గించిందే, వాడు మానింది కాదు. కాలు కాలుగా ఉంది. మీరు మా వీధికొస్తే ప్రతి మగ్గం పక్కనా మేకుకి ఒక జత చెప్పులు ఏలాడుతుంటయ్యి, పట్టీలకి పసుపుంటది. ఇంకెక్కడికీ వేసుకుపోరు. అవి పడుగు చెప్పులు. తర్వాత పుల్లయ్య మావ కాలం చేసినప్పుడు చూస్తే ఆయన మగ్గం పక్కనా ఒక జతుంది, ఎప్పుడు కొనుక్కున్నాడో ఎవరికీ తెలియదు.

ఇంక ఆ రోజు భోజనాలు. పడుగు చుట్టి లోపల పెట్టాక, భావన్నింటి ముందు అరుగు కాడ విస్తళ్ళేసింది రాగమ్మ. పూర్వం కుంచె పనైతే పరమాన్నం ఉండేది, అది లేదని ఒకడు గొణిగాడు. బీరకాయ కూర, గోంగూర పప్పు, దోసకాయ ముక్కలు విస్తరి నిండా పరిచి, కొర్రన్నం మాత్రం ఇది చీరకి అంచు అంటా అంచంత పెట్టింది, పల్చటి మజ్జిగ పోసింది. అందరూ కూర్చోబోతుంటే భావన్న జేబులోంచి మాత్ర తీసి వేసుకున్నాడు, బాహాటంగానే, ఇంక దాచేదేముంది. అంతలో చూస్తే కోటిలింగం అటు తిరిగి నిలబడి, మొలలోంచి ఏదో తీసి గబుక్కున నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతున్నాడు. అటు తిరిగి ఏంది బావా మింగుతున్నావు అన్నాడు భావన్న. "నీ గేదె మేతేలే" అన్నాడు కోటిలింగం, ఇటు తిరక్కుండానే. ఎన్నాళ్ళనించి అంటే నాలుగేళ్ళంట. ఆ చివర ఇంకొకడు జేబు తడుముకున్నాడు, వాడి పక్కవాడూ తడుముకున్నాడు. రాగమ్మ గరిటె పట్టుకుని లెక్కపెట్టుకుంటా పోయింది, ఆరుగురు తేలారు. ఇంకొకడు ఇంకా తేల్చుకోలేక చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమయ్యా, నీది కూడా వేసుకో, అన్నం చల్లారుద్ది అంది ఆమె వాడి వంక చూసి. ఆ నిలబడ్డోడెవరని అడగమాకండి, నాలుగో కుంచె ఎవరిదో చెప్పా గదా. సరే అని నేనూ మాత్ర మింగి కూర్చున్నా. అంతా కూర్చున్నాక పుల్లయ్య మావ మొదటి ముద్ద తీశాడు, తీసి, ఏమ్మా రాగమ్మా, అంచు కాస్త పెద్దది నెయ్యి అన్నాడు. ఆమె కూర వడ్డించింది.